ఆలస్యంగా లేచే కత్తి

హకోదాతెలో ట్రాము పట్టాల పక్కన
మాది పాత ఆటల కొట్టు.
ఈ ఒక్క కార్ట్రిడ్జ్, "ఉప్పు కోట",
ఏడుసార్లు అమ్మాను, ఏడుసార్లు తిరిగొచ్చింది.
మొదట పద్దెనిమిది వందల యెన్‌లు.
ఇప్పుడు నూట ఇరవై చీటీ అంటించి
గొడుగుల డబ్బా పక్కన బుట్టలో పడేశాను.

అట్ట మీద బొమ్మకేం, దివ్యంగా ఉంది.
ఎర్ర మఫ్లరు పిల్ల గాలిలో అడ్డంగా లేచి
మెరుపుని పిడికిట పట్టినట్టు కత్తి.
లోపలున్న పిల్ల వేరు.
మీట నొక్కాక ఆలోచిస్తుంది.
భుజం వెనక్కి తీస్తుంది,
ఊపిరి పీలుస్తుంది,
ఎవరినో అనుమతి అడుగుతున్నట్టు ఆగుతుంది.
ఈలోగా గబ్బిలం వచ్చి, కరిచి,
తన దారిన తాను పోతుంది.
అప్పుడు లేస్తుంది కత్తి,
ఇల్లు కాలాక నూతికి కొలతలు తీసే మేస్త్రిలా.

దెబ్బ తగిలితే మూడడుగులు వెనక్కి.
వెనక ఎప్పుడూ గొయ్యే.
అది అక్కడెందుకుందో
తవ్వినవాడికీ తెలిసినట్టు లేదు.

తిరిగిచ్చేవాళ్ళు ఆటను తిట్టరు, అదే వింత.
చేపల వేలంలో మూటలు మోసే తొకుజో
బల్ల మీద పెట్టి బొటనవేలు చూపించాడు.
బొబ్బ.
"నా చేతులే మొద్దుబారాయి లెండి" అన్నాడు.
మినెకో, బడి సంచీ ఇంకా భుజానే ఉంది,
"మా అన్నకి నచ్చలేదు" అంది.
ఆ పిల్లకి అన్న లేడు.

కార్ట్రిడ్జ్ కడుపులో నాణెమంత బ్యాటరీ,
దానికి మూడు గదుల జ్ఞాపకం.
కొత్తవాడు దిగాలంటే పాతవాడు చెరగాలి.
ఒకటో గదిలో తొకుజో, వంతెన ముందు.
రెండో గదిలో మినెకో, అదే వంతెన ముందు.
వంతెన మీద ఇనుప ఎండ్రకాయ,
దానికి మాత్రం ఆలోచన అక్కర్లేదు.
మూడో గదిలో పేరు లేదు, "ఉ" అని ఒక్క అక్షరం.
అరవైమూడు గంటలు.
ఏడుగురిలో ఒక్కరూ దాన్ని చెరపలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి మంచు తలుపుని మూసేసింది.
ఇంటికి వెళ్ళడం కుదరక
హీటరు ముందు కూర్చుని ఆ గది తెరిచాను.

వంతెన అవతల ఒక రాతి వసారా.
శత్రువులు లేరు, నాణేలు లేవు, గొయ్యి కూడా లేదు.
పక్కన తలుపు తెరిచే ఉంది,
ఆ "ఉ" ఎవరో గానీ అటు వెళ్ళలేదు.
ఎదురుగా సముద్రం.
పొర మీద పొరగా, ఒక్కోటి ఒక్కో వేగంతో.
దూరంగా వరసగా తెల్లటి దీపాలు.
ముందు నక్షత్రాలనుకున్నాను.
కాదు, స్క్విడ్ పడవలు.
ఎడమ పక్క చీకటి ముద్ద మా కొండే,
నడుం దగ్గర ఆ వంపు నాకు తెలియదా?
ఎవడో మా ఊరివాడు
ఎక్కడో అద్దె గదిలో, గడువు తరుముతుంటే,
మిగతావాళ్ళు కొట్లాటను పాడుచేస్తుంటే,
తలొంచుకుని దీపాలు ఒక్కొక్కటీ గీశాడు.

అలవాటుగా మీట నొక్కాను.
భుజం వెనక్కి తీసింది.
ఊపిరి పీల్చింది.
ఆగింది.
కరవడానికి ఎవరూ లేరు.
నిద్ర లేచి ఒళ్ళు విరుచుకున్నట్టు
కత్తి మెల్లగా పైకి లేచింది,
మొదటిసారి, సరైన సమయానికి.

బ్యాటరీ ముసలిదైంది. మారిస్తే మూడు గదులూ పోతాయి.
మార్చలేదు.

మంచు కరిగాక ట్రాము నడిపే హిసానో వచ్చి
బుట్టలోంచి దాన్ని తీసింది.
"కొట్లాట దండగ" అని ముందే చెప్పాను.
"నూట ఇరవైకి ఇంకేం వస్తుంది?" అంది.
"మూడో గది చెరపకండి" అన్నాను.
ఎందుకని అడగలేదు.

ఎనిమిదోసారి ఇంకా తిరిగి రాలేదు.
రోజూ ఆమె ట్రాము కొట్టు ముందు ఆగుతుంది.
నేను బొటనవేలు చూద్దామనుకుంటాను,
ఆమెకేమో ఎప్పుడూ చేతికి తొడుగులు.